సంచి సర్దడమేనా... దారీ మనమే వేసుకుందాం!

ప్రయాణం అనగానే మన ఇళ్లల్లో పనులు ఎలా పంచుకుంటారో ఎప్పుడైనా గమనించారా? ఏ తేదీకి వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఎన్నాళ్లుండాలి అన్నవి మగవాళ్లు చూసుకుంటారు. పులిహోర కలపడం, సంచులు సర్దడం, పాలవాడికి చెప్పడం, తాళాలు వెయ్యడం మన వంతు. రైలెక్కాక "ఇప్పుడే ఊరొచ్చిందండీ?" అని అడుగుతూ కూర్చుంటాం. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో తిరుపతి, శ్రీశైలం, షిర్డీ, కాశీ అన్నీ నేను అలాగే చూశాను. చూశాను అనేకంటే చూపించారు అనడం సబబు.

అలాంటి నేనూ, మా తోటికోడలూ ఇద్దరమే కలిసి 2025 జనవరిలో మలేషియా వెళ్లొచ్చాం. ప్యాకేజీ టూరు కాదండీ! టికెట్లు, గది, బస్సులు, తిండి, చూడాల్సిన చోట్లు అన్నీ మేమే అనుకుని, మేమే లెక్కేసుకుని వెళ్లాం. వచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో వాళ్లు, గుడి దగ్గర కలిసినవాళ్లు అడిగేది ఒకటే. "ఇద్దరాడవాళ్లు ఎలా వెళ్లారు?" అని. అందరికీ ఒకేసారి జవాబు చెబుదామనే ఇది రాస్తున్నాను.

పుస్తకంలో మొదటి పేజీ

మాది మోపిదేవి. మా సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. పాము చుట్టల మీద లింగరూపంలో కొలువై ఉంటాడు. పిల్లల కోసం మొక్కుకునేవాళ్లు, పసివాళ్లకి చెవులు కుట్టించేవాళ్లు, పుట్టలో పాలు పోసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తుంటారు. ఒకరోజు టీవీలో కౌలాలంపూర్ దగ్గరున్న బాటు కేవ్స్ చూపించారు. కొండ ముందు బంగారు రంగులో 140 అడుగుల స్వామి విగ్రహం, పక్కనే రంగురంగుల 272 మెట్లు, పైన గుహలో గుడి. "అక్కా, మన స్వామే! అక్కడ ఎంత పొడుగున్నాడో చూడు" అంది మా తోటికోడలు. మాట అక్కడ పడింది.

మావారు కాదనలేదు. "డబ్బు కట్టేస్తే ప్యాకేజీవాళ్లే తీసుకెళ్లి తీసుకొస్తారు, మీకెందుకు తలనొప్పి" అన్నారు. కనుక్కుంటే మనిషికి 62 వేలు చెప్పారు. వాళ్లిచ్చిన కాగితం చదివితే అయిదు రోజుల్లో బాటు కేవ్స్‌కి కేటాయించింది గంట! మిగతాదంతా షాపింగులు, పిల్లల ఆటల పార్కులు. మేం వెళ్దామనుకున్నది ఒకటి, వాళ్లు చూపిస్తామన్నది మరొకటి.

అప్పుడు తీశాను లెక్కల పుస్తకం. పాల లెక్క, చీటీ లెక్క రాసే రెండొందల పేజీల పుస్తకమే. కొత్త పేజీలో "ఎందుకు వెళ్తున్నాం?" అని రాసుకున్నాం. స్వామిని తీరిగ్గా చూడటానికి. మన బందరు రేవు నుంచి పూర్వం అచ్చు బట్టలు వెళ్లిన దేశాలు ఎలా ఉంటాయో చూడటానికి. ఎవరూ "పదండి, పదండి" అని తొందరపెట్టకుండా ఒకచోట కూర్చోవడానికి. ఈ మూడే రాశాం. తర్వాత ఏ సందేహం వచ్చినా ఈ పేజీ తిప్పి చూసుకునేవాళ్లం. ఈ మూడింటికీ పనికిరానిది ఎంత గొప్పదైనా కొట్టేశాం. సగం ఖర్చు అక్కడే తగ్గింది.

అన్నట్టు, సముద్రం దాటిన తెలుగు ఆడవాళ్లలో మేమేం మొదటివాళ్లం కాదు. పోతం జానకమ్మ గారని ఒకావిడ 1870లలోనే ఇంగ్లండు వెళ్లొచ్చి, చూసినవన్నీ ముందు తెలుగులో రాసి, తర్వాత ఇంగ్లీషులో "పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్" పేరుతో 1876లో పుస్తకం వేశారు. విమానాలు లేని రోజుల్లో ఆవిడ ఓడ మీద వెళ్లిరాగా లేనిది, చేతిలో ఫోను పెట్టుకుని మనకి భయమేమిటి అనుకున్నాం.

పేరులో ఉంది అసలు చిక్కు

ముందు పాస్‌పోర్టు. ఇది ప్రయాణం అనుకున్నాక చేసే పని కాదు, అనుకోకముందే చేసి పెట్టుకోవాల్సిన పని. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు కట్టి, ఫోనులోనో నెట్ సెంటర్లోనో దరఖాస్తు పెట్టి, ఇచ్చిన తేదీకి విజయవాడ సేవా కేంద్రానికి వెళ్లాం. పోలీసు విచారణ మన స్టేషను నుంచే జరుగుతుంది. పెద్దవాళ్లకి పదేళ్లు పనికొస్తుంది.

నాది మూడు వారాల్లో వచ్చింది. మా తోటికోడలిది మాత్రం రెండు నెలలు పట్టింది. తప్పెవరిదీ కాదు. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు! మనలో చాలామందికి ఇదే చిక్కు. పెళ్లయ్యాక ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా రాయించుకుంటాం. ఇంట్లో ఉన్నంతకాలం ఎవరూ అడగరు. గడప దాటే వేళకి అన్నీ ఎదురు తిరుగుతాయి. మీరు ఎక్కడికీ వెళ్లకపోయినా సరే, ఈ వారమే మీ కాగితాలన్నీ ఒకచోట పెట్టి పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. విమానం టికెట్ మీద కూడా పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

ఇంకొకటి. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ జత చెయ్యడం మర్చిపోకండి. అది లేకపోతే కొన్ని దేశాలకి పనికోసం వెళ్లేటప్పుడు ప్రత్యేక అనుమతి తీసుకోవాలన్న ముద్రతో పాస్‌పోర్టు వస్తుంది. ఎప్పుడో చదివి, బీరువా అడుగున పడేసిన ఆ కాగితం విలువ నాకు ఆ రోజు తెలిసింది.

వీసా సంగతి చెబుతాను. మలేషియావాళ్లు 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్లని 30 రోజుల వరకు వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టి, తర్వాత ఆ గడువు పొడిగించారు. మేం అలాగే వెళ్లాం. ఇలాంటివి మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్లో మీరే స్వయంగా చూసుకోండి. వీసా లేకపోయినా, దిగడానికి ముందు మూడు రోజుల్లోపే ఫోనులో ఒక ప్రవేశ పత్రం నింపాలి. 2024 జనవరి నుంచి అది తప్పనిసరి చేశారు. దానికి పైసా కట్టక్కర్లేదు. డబ్బడిగే వెబ్‌సైట్ కనబడితే అది మోసమని అర్థం చేసుకోండి.

మన పండగలే కాదు, వాళ్ల పండగలూ...

తేదీలు నిర్ణయించేటప్పుడు పెద్ద పండగ అయిపోవాలి, మినుము కోతలు మొదలవ్వకూడదు అని చూసుకుని జనవరి 28 అనుకున్నాం. టికెట్ల ధరలు చూస్తే గుండె జారింది. కారణమేమిటా అని వెతికితే జనవరి 29 చైనావాళ్ల సంవత్సరాది! మలేషియాలో అది మన సంక్రాంతంత పండగ. బస్సులు నిండిపోతాయి, చాలా కొట్లు మూసేస్తారు, గదుల రేట్లు పెరుగుతాయి. మన క్యాలెండరే చూసుకున్నాం గానీ వాళ్లది చూడలేదన్నమాట. వారం ముందుకి జరిపేసరికి టికెట్ మీదే మనిషికి ఆరు వేలు మిగిలింది. జనవరి 19 ఆదివారం రాత్రి చెన్నైలో ఎక్కి, 25న తిరిగి వచ్చేలా కుదిరింది. పైగా మధ్యలో 21 మంగళవారం! స్వామిని ఆ రోజే చూడాలని పెట్టుకున్నాం.

చెన్నైకి విజయవాడ మీదుగా కాకుండా, పులిగడ్డ దగ్గర పెనుమూడి వంతెన దాటి రేపల్లె, అక్కడి నుంచి తెనాలి వెళ్లి రైలెక్కాం. ఇది కనిపెట్టింది మా తోటికోడలు. "కూరగాయలకి ఏ బజారు దగ్గరో చూసుకున్నట్టే కదక్కా" అంది. నిజమే! నెల జీతంలోనో పంట డబ్బులోనో ఇల్లు నెట్టుకొచ్చేవాళ్లకి ఈ లెక్కలేం కొత్త కాదు. ఇన్నాళ్లూ మన తెలివి వంటింటి గోడల మధ్యే తిరిగింది, అంతే.

గోడ మీద కాగితం

అన్నిటికంటే కష్టమైంది అత్తయ్యకి చెప్పడం. ఆవిడ పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఇప్పటికీ కార్తీక మాసంలో హంసలదీవి సముద్ర స్నానానికి రమ్మంటే రాదు. మేం చెప్పింది విని, "ఇంట్లోకొచ్చిన సముద్రాన్నే చూశాను నేను. ఇంక దాన్ని దాటిపోవటం ఏంటే అమ్మాయ్" అంది. రెండు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆవిడ భయాన్ని తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పలేదు. అలాగని మానుకోవడానికీ మనసొప్పలేదు. ఆలోచించి, పెద్ద తెల్లకాగితం తీసుకుని తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. ఏ తేదీన ఎక్కడ ఉంటాం, ఏ గదిలో పడుకుంటాం, అక్కడి ఫోను నంబరు, రాత్రి ఎన్ని గంటలకి ఇంటికి ఫోను చేస్తాం అన్నీ. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని కూడా రాసి, గోడ మీద క్యాలెండరు పక్కన అతికించాను. మూడో రోజు పొద్దున చూస్తే అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం ముందు నుంచుని ఉంది. "ఈ మంగళవారం నాడు... అక్కడి విభూతి తీసుకురండి" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఈ ప్లాను గీసుకోవడం మన కోసమే అనుకుంటాం గానీ, ఇంట్లో ఉండేవాళ్ల భయానికి కూడా అదే మందని నాకప్పుడు తెలిసింది.

మరి ఇల్లో? అదీ కాగితం మీదే పెట్టాం. ఆరు రోజులకి కందిపొడి, గోంగూర పచ్చడి, దోసెల పిండి సిద్ధం చేసి, ఏ డబ్బాలో ఏముందో పేర్లు అంటించాం. గేదెల పని మా మరిది చూసుకున్నాడు. మావారు కాఫీ కలుపుకోవడం నేర్చుకున్నారు. ఇల్లేం కూలిపోలేదు!

మంగళవారం, 272 మెట్లు

చెన్నై నుంచి నాలుగు గంటల ప్రయాణం. దిగగానే పాస్‌పోర్టు చూసే వరసలో నుంచుంటే నా గుండె చప్పుడు నాకే వినబడింది. ఆ అధికారి ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు, తిరుగు టికెట్ ఏది అని మూడే ప్రశ్నలు అడిగాడు. మూడింటికీ కాగితాలు ఫైల్లో వరసగా ఉన్నాయి. ఇంటర్మీడియట్‌లో చదివిన ఇంగ్లీషు ఆ మాత్రానికి సరిపోయింది. ముద్ర పడింది. మా తోటికోడలు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వేగంగా వెళ్లే రైలుకి 55 రింగిట్లు, బస్సుకి 15. ఒక్క రింగిట్ మాకు దాదాపు 20 రూపాయలు పడింది. ఏదెక్కామో మీకు చెప్పక్కర్లేదు కదా! గది బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో తీసుకున్నాం. అక్కడ చుట్టూ మనవాళ్ల కొట్లు, పూలదండలు, అరిటాకు భోజనాలు. పెద్ద రైల్వేస్టేషను నడిచి వెళ్లేంత దగ్గర. గది అద్దె కాక, విదేశీయులు రోజుకి గదికి 10 రింగిట్ల పన్ను కట్టాలి. అది ముందే తెలుసుకుని లెక్కలో వేసుకున్నాం కాబట్టి అక్కడ వాదన పడలేదు.

మంగళవారం పొద్దున్నే లోకల్ రైలెక్కి బాటు కేవ్స్‌లో దిగాం. టికెట్ మూడు రింగిట్ల లోపే. ఎండ ముదరకముందే మెట్లెక్కడం మొదలుపెట్టాం. కోతులు చేతిలో సంచి కనబడితే లాగేస్తాయని చదివాం కాబట్టి చేతులు ఖాళీగా పెట్టుకున్నాం. ఈ గుహలో గుడి 1890ల నాటిది. తంబుసామి పిళ్లై అనే తమిళ వ్యాపారి పెట్టించారు. కింద ఉన్న పెద్ద విగ్రహం మాత్రం 2006లో పూర్తయింది. మెట్లకి ఇప్పుడున్న రంగులు 2018లో వేశారు. తైపూసం పండగ దగ్గర పడుతోందని అప్పటికే కావళ్ల మొక్కులవాళ్లు వస్తున్నారు.

పైకెక్కాక గుహ కప్పులో పెద్ద కంత. అందులోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. నీటి చుక్కలు పడుతున్న చప్పుడు. అక్కడ రెండున్నర గంటలు కూర్చున్నాం. ఎవరూ విజిల్ వెయ్యలేదు. ఎవరూ జెండా ఊపలేదు. అత్తయ్య కోసం విభూతి, నా కోసం ఆ రెండున్నర గంటలు కొంగున కట్టుకుని దిగాం.

నెత్తళ్లూ, అచ్చు బట్టలూ

తిండికి ఇబ్బంది పడతామేమో అనుకున్నాం గానీ పడలేదు. అక్కడ పొద్దుటి టిఫిను నాసి లెమాక్ అంటే కొబ్బరిపాలతో వండిన అన్నం. పక్కన కారం పచ్చడి, వేయించిన వేరుశెనగ గుళ్లు, కోడిగుడ్డు, కరకరలాడే ఎండు చేపలు. నోట్లో పెట్టుకోగానే మా తోటికోడలు "అక్కా, మన నెత్తళ్లు!" అని అరిచినంత పని చేసింది. అచ్చం అవేనండీ! దివిసీమలో ఎండు నెత్తళ్లు తినని ఇల్లుంటుందా? శాకాహారులకి దోసెలు, ఇడ్లీలు, అరిటాకు భోజనం బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఎటు తిరిగినా దొరుకుతాయి.

మా పుట్టిల్లు పెడన. అద్దకం బట్టల మధ్య పెరిగినదాన్ని. అందుకే బుధవారం పూట జంట టవర్లని కిందనుంచే కళ్లారా చూసేసి, పైకెక్కే టికెట్ డబ్బు మిగుల్చుకుని, జాతీయ వస్త్ర మ్యూజియానికి వెళ్లాం. వాళ్ల బాతిక్ బట్ట చేసే పద్ధతి చూస్తుంటే నాకు కాళ్లు కదల్లేదు. మనవాళ్లు టేకు చెక్క అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. వాళ్లు రాగి రేకుతో చేసిన అచ్చుని కరిగిన మైనంలో ముంచి అద్దుతారు. మైనం పడిన చోట రంగు పట్టదు. తర్వాత వేడినీళ్లలో మైనం తీసేస్తే పువ్వు తేలుతుంది. మన తీరం నుంచి వెళ్లిన అచ్చు బట్టలు ఒకప్పుడు ఆ దేశాల్లో పెళ్లిళ్లకి, వేడుకలకి కట్టుకునేవారు. మా నాన్నగారు కరక్కాయ నీళ్లలో నానబెట్టి, కాలవ గట్టున ఆరేసిన గుడ్డలు గుర్తొచ్చాయి. ఏ ప్యాకేజీవాడు నన్ను ఇక్కడికి తీసుకొస్తాడు?

మలక్కాలో మా పొరపాటు

అన్నీ సవ్యంగా జరిగాయంటే అబద్ధం చెప్పినట్టవుతుంది. గురువారం బస్సులో మలక్కా వెళ్లాం. రెండు గంటల దారి. డచ్చివాళ్లు కట్టిన ఎర్రటి భవనాలు, పాత గుళ్లు, 1748 నాటి మసీదు. ఆ మసీదు పేరులో ఉన్న "క్లింగ్" అనే మాట కళింగ నుంచి వచ్చిందట. పూర్వం మన వైపు నుంచి వెళ్లినవాళ్లని అలా పిలిచేవారు. మన బందరులో డచ్చివాళ్ల సమాధులున్నాయి కదా, అదే డచ్చివాళ్లు 1641లో మలక్కాని పట్టుకున్నారు. చూస్తూ చూస్తూ సాయంత్రమైంది.

తిరుగు టికెట్ ముందే కొనలేదు. "ఎప్పుడంటే అప్పుడు బస్సులుంటాయి" అనుకున్నాం. బస్టాండుకి వెళ్తే పండగ రద్దీ! ఎనిమిదిన్నర దాకా సీట్లు లేవు. ఎనిమిదిన్నరకి ఎక్కితే కౌలాలంపూర్ చేరేసరికి దాదాపు పదకొండు. మా తోటికోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "బావగారికి ఫోన్ చేద్దాం అక్కా" అంది. నా చెయ్యి కూడా ఫోను మీదికి వెళ్లింది. కానీ మోపిదేవిలో ఉన్న మనిషి ఏం చెయ్యగలరు, కంగారు పడటం తప్ప?

ఇద్దరం బల్ల మీద కూర్చుని లెక్కల పుస్తకం తీశాం. ఈ ఊళ్లోనే రాత్రి ఉండిపోవాలా? ఎనిమిదిన్నర బస్సు పట్టుకోవాలా? రాత్రి పూట కారు పిలుచుకునే యాప్ ఫోనులో పెట్టుకున్నాం. గది చిరునామా రాసి ఉంది. కార్డులో డబ్బుంది. బస్సు దిగేది పెద్ద టెర్మినల్, జనం ఉంటారు. వెళ్దామని నిశ్చయించుకున్నాం. అత్తయ్యకి మాత్రం కాగితంలో రాసిన వేళకే ఫోను చేసి, బస్సు ఆలస్యమైంది, గదికి చేరగానే మళ్లీ చేస్తామని ఉన్నమాట చెప్పాం. పదకొండుంబావుకి కారులో గది ముందు దిగాం. తలుపు గడియ వేసుకున్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు మొదలుపెడితే ఆగలేదు.

తప్పు మాదే. తిరుగు టికెట్ పొద్దున్నే కొనాల్సింది. కానీ మా ప్రయాణం మొత్తం మీద నాకు మిగిలిన అసలు ఆస్తి ఆ మూడు గంటలే. ఎవరినీ అడక్కుండా, ఉన్న దారులు చూసుకుని, ఒకటి ఎంచుకుని, దాని మంచిచెడ్డలు మేమే మోశాం. నలభై ఆరేళ్లొచ్చాక మొదటిసారి!

పూలకొట్టు పెద్దామె

శుక్రవారం బ్రిక్‌ఫీల్డ్స్‌లో పూలు కొంటూ మాలో మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే కొట్లో ఉన్న పెద్దామె "మీరు తెలుగోళ్లా?" అంది. డెబ్భై పైనే ఉంటాయి. పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో కొబ్బరితోటల్లో పుట్టిందట. అమ్మమ్మ, తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చారట. "ఏ ఊరో మాకు తెలీదు. మేస్త్రీ తెచ్చినాడు, వచ్చినారు" అంది. అక్కడి తెలుగువాళ్లు 1955లోనే సంఘం పెట్టుకుని భాష నిలబెట్టుకుంటున్నారు. ఈమె నోట్లో ఆ తెలుగు, కొంచెం యాస మారినా, మన తెలుగే. "మీరు ఎవరితో వచ్చినారు?" అనడిగింది. "మేమే వచ్చాం" అన్నాను. ఆమె ఒక్క క్షణం చూసి, మల్లెపూలు రెండు మూరలు ఎక్కువ తెంపి ఇచ్చింది.

గదికి నడిచొస్తూ ఆలోచించాను. ఆమె అమ్మమ్మ సముద్రం దాటింది, ఎక్కడికో తెలీకుండా, ఎవరో తీసుకెళ్తే. మేం దాటాం, దారి మేమే గీసుకుని. ఎంత తేడా! ఆ తేడా విలువ 62 వేలకీ మా ఖర్చుకీ మధ్య ఉన్న డబ్బులో లేదు.

డబ్బు లెక్క కూడా అడుగుతారు కదా! మనిషికి విమానం టికెట్ 17,400, పాస్‌పోర్టు 1,500, ప్రయాణ బీమా 650, చెన్నైకి రానుపోను 1,600, గది పన్నుతో కలిపి 7,500, తిండి 4,800, అక్కడి బస్సులు, రైళ్లు, కార్లు 3,200, ఫోను సిమ్ 300, కొనుక్కున్నవి 4,000. వెరసి 40,950 రూపాయలు. మూడేళ్ల చీటీ, పాల డబ్బూ సరిపోయింది.

వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి

• పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల పైన గడువుండాలి. నకళ్లు రెండు తీసి, వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి.

• ఎవరు ఎంత బతిమాలినా వాళ్ల పొట్లాలు మోసుకెళ్లకండి. మా ఊళ్లో ఒకామె కొడుక్కి మందులివ్వమంది. బాధపడినా కాదన్నాను. మత్తుపదార్థాలు దొరికితే ఆ దేశాల్లో ఉరిశిక్ష దాకా ఉంది. పొట్లంలో ఏముందో మనకేం తెలుసు?

• పచ్చళ్లు, నెయ్యి చేతి సంచిలో రానివ్వరు, లగేజీలో వెయ్యాలి. ఎండుకొబ్బరి లగేజీలో కూడా వద్దంటారు, నూనె వల్ల అంటుకుంటుందని. సింగపూర్, గల్ఫ్ దేశాలు వెళ్లేవాళ్లు గసగసాలు అసలే తీసుకెళ్లకండి.

• తినడానికి జంతికలు, కారప్పొడి, వేయించిన అటుకులు చాలు. ఎక్కువ మొయ్యకండి.

• నోట్లు పాస్‌పోర్టు, పాన్ కార్డు చూపించి అనుమతి ఉన్నచోటే మార్చుకోండి. డబ్బంతా ఒకేచోట పెట్టకండి.

• ఒకరు ముందు, ఒకరు వెనక అని కాకుండా ఇద్దరూ దారి నేర్చుకోండి. మాలో రైళ్ల సంగతి నాది, ఫోను సంగతి తనది అని మొదట పంచుకున్నాం. రెండో రోజు మార్చుకున్నాం.

మలేషియాయే వెళ్లక్కర్లేదు. నేపాలో, శ్రీలంకో, అదీ కుదరకపోతే మన దేశంలోనే కొత్త ఊరో. దూరం ముఖ్యం కాదండీ. తేదీ మనం పెట్టాలి, దారి మనం వెయ్యాలి.

వచ్చాక ఇల్లు ఊడుస్తూ గోడ మీది కాగితం తీసేయబోయాను. అత్తయ్య "ఉండనియ్యవే" అంది. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో తేదీ పక్కన, మేం ఫోను చేసిన ప్రతి రాత్రికీ, పసుపుతో ఒక చుక్క పెట్టి ఉంది. గురువారం పక్కన మాత్రం రెండు చుక్కలు. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది. లెక్కల పుస్తకం మాత్రం ఇంట్లో లేదు. మా వీధి చివర ఇద్దరు అక్కచెల్లెళ్లు పట్టుకెళ్లారు. శ్రీలంకలో కదిర్గామం స్వామిని చూడాలట!